టీకా వేసుకోని తల్లి, ఆకుపచ్చ మూత ట్యూబ్: ఒక హెచ్‌పీవీ కేసు

టీకా వేసుకున్న పదమూడేళ్ళ పాప రక్తాన్నీ, వేసుకోని వాళ్ళమ్మ రక్తాన్నీ ఒకే ప్లేటు మీద పరీక్షించాం. పాపది అనుకున్నట్టే వచ్చింది. వాళ్ళమ్మది మాత్రం రెండు వారాలు మమ్మల్ని కూర్చోనివ్వలేదు, నిలబడనివ్వలేదు.

మా ల్యాబ్ హైదరాబాద్ శివార్లలో, శామీర్‌పేట దాటాక జీనోమ్ వ్యాలీలో ఉంది. చిన్న టీం. టీకా వేసుకున్నవాళ్ళ రక్తంలో యాంటీబాడీలు ఎన్ని వచ్చాయి, వచ్చినవి వైరస్‌ను నిజంగా ఆపుతున్నాయా అని కొలవడమే మా పని. హెచ్‌పీవీకి, అంటే గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ తెచ్చే వైరస్‌కి, సొంతంగా న్యూట్రలైజేషన్ పరీక్ష ఒకటి కొత్తగా పెట్టుకున్నాం. అది సరిగ్గా నడుస్తోందో లేదో చూసుకోవడానికి, ఎథిక్స్ కమిటీ అనుమతితో, కొన్ని ఇళ్ళ నుంచి జంటగా శాంపిళ్ళు తీసుకున్నాం. రెండు డోసులూ పూర్తయిన ఆడపిల్ల ఒకరు, అదే ఇంట్లో టీకా వేసుకోని పెద్దావిడ ఒకరు. ఈ తల్లీకూతుళ్ళది మూడో జంట. వాళ్ళను గుర్తుపట్టే వీలున్న వివరాలన్నీ మార్చాను.

తల్లికి 38 ఏళ్ళు, ఉప్పల్ వైపు ఉంటారు, పుట్టిల్లు ఖమ్మం జిల్లా. ఆ జిల్లా పేరు వింటే ఈ రంగంలో ఉన్న మాలాంటివాళ్ళం కాస్త సర్దుకుని కూర్చుంటాం. 2009లో అక్కడ 10 నుంచి 14 ఏళ్ళ ఆడపిల్లలకు హెచ్‌పీవీ టీకా వేసే ప్రాజెక్టు నడిచింది. కొందరు పిల్లలు చనిపోవడంతో గొడవై 2010 ఏప్రిల్‌లో ఆగిపోయింది. ఆ మరణాలకు టీకా కారణమని విచారణలో తేలలేదు. కానీ తల్లిదండ్రుల బదులు హాస్టల్ వార్డెన్ల చేత సంతకాలు పెట్టించిన పద్ధతిని పార్లమెంటరీ సంఘం గట్టిగా తప్పుపట్టింది. ఈవిడకు ఆ రోజులు బాగా గుర్తు. మా కన్సెంట్ ఫారం ముప్పావు గంట చదివారు. "ఇది నాకు అర్థమయ్యేదాకా పెట్టను మేడమ్, ఏమనుకోకండి" అన్నారు. ఏమీ అనుకోలేదు. నిజానికి అందరూ అలాగే చదవాలి.

పాపకు సెర్వావాక్ రెండు డోసులు ఆరు నెలల తేడాతో పడ్డాయి. పుణెలో తయారయ్యే ఈ టీకాలో 6, 11, 16, 18 అనే నాలుగు రకాలకు సరుకు ఉంటుంది. గర్భాశయ ముఖద్వార క్యాన్సర్లలో దాదాపు 70 శాతానికి 16, 18 రకాలే కారణం. జననాంగాల మీద వచ్చే పులిపిర్లలో ఎక్కువ భాగం 6, 11 పని. రెండో డోసు పడిన నెలకు పాప రక్తం తీశాం.

పరీక్షలు రెండు చేస్తాం. మొదటిది ఎలీసా. వైరస్ పైపొర ప్రోటీన్‌ను ప్లాస్టిక్ ప్లేటు గుంటల్లో అంటించి, దాని మీద సీరం (రక్తం గడ్డకట్టాక పైన తేలే ద్రవం) పోసి, యాంటీబాడీలు అతుక్కున్నాయా లేదా అని రంగును బట్టి చూస్తాం. రెండోది న్యూట్రలైజేషన్. అతుక్కున్న యాంటీబాడీ వైరస్‌ను కణంలోకి పోకుండా ఆపగలిగిందా అని ఇందులో తెలుస్తుంది. హెచ్‌పీవీని మామూలు కణాల్లో పెంచడం కుదరదు. చర్మంలా పొరలు పొరలుగా పెరిగే కణజాలం ఉంటేనే అది పూర్తి వైరస్‌గా తయారవుతుంది. అందుకని సూడోవైరస్ వాడతాం. పైకవరు అచ్చం హెచ్‌పీవీదే, లోపల మాత్రం వైరస్ జీన్ల బదులు ఒక ఎంజైమ్ జీన్ ఉంటుంది. దాన్ని సీరంతో కలిపి గంటసేపు ఐసు మీద ఉంచి 293టీటీ అనే కణాల మీద పోస్తాం. 72 గంటల తర్వాత పైన తేలిన ద్రవంలో ఆ ఎంజైమ్ ఎంత ఉందో కాంతి రూపంలో కొలుస్తాం. కాంతి వస్తే వైరస్ లోపలికి పోయినట్టు, సగానికి పైగా తగ్గితే సీరం ఆపినట్టు. సీరంను ఎంతవరకు పలచన చేసినా ఆపగలుగుతోంది అన్నదే టైటర్. 1:160 అంటే 160 రెట్లు పలచన చేసినా ఆపినట్టు.

పాప టైటర్ 16వ రకానికి 1:10,000 దాటింది. 18కి కొంచెం తక్కువ. ఎలీసాలోనూ అదే వరస. అక్కడికి బాగానే ఉంది.

తల్లి ఎలీసా సున్నా. 16కీ లేదు, 18కీ లేదు, ప్లేటు ఖాళీ గుంటలా ఉంది. న్యూట్రలైజేషన్‌లో మాత్రం 16కి 1:160, 18కి 1:160, 6కి 1:80.

మా జూనియర్ ఆ కాగితం తెచ్చి నా టేబుల్ మీద పెట్టి ఏమీ అనకుండా నిలబడింది. అతుక్కోకుండా ఆపడం ఎట్లా? చెయ్యి తగలకుండా చెంప వాయడం లాంటిది అది.

మొదట వచ్చిన ఆలోచన సహజ ఇన్‌ఫెక్షన్. పెద్దయ్యాక చాలామందికి ఎప్పుడో ఒకప్పుడు హెచ్‌పీవీ తగిలే ఉంటుంది, ఆ యాంటీబాడీలేమో అనుకున్నాం. ఆ లెక్క ఎక్కువసేపు నిలవలేదు. ఈ వైరస్ రక్తంలోకి రాదు, కణాన్ని పగలగొట్టి అలజడి చేయదు, పైపైన చర్మపు పొరల్లోనే సంసారం చేసుకుని పోతుంది. అందుకే ఇన్‌ఫెక్షన్ వచ్చిన ఆడవాళ్ళలో చాలామందికి యాంటీబాడీలే పుట్టవు, పుట్టినా కొద్దిగానే ఉంటాయి. అవి కూడా తగిలిన రకానికే. మూడు రకాలకు ఇంచుమించు ఒకే టైటర్ రావడం, ఎలీసాలో జాడ లేకపోవడం, ఈ రెండూ కలిసి సహజ ఇన్‌ఫెక్షన్ అనిపించుకోవు.

ఒక యాంటీబాడీ ఒక్క రకాన్నే ఎందుకు పట్టుకుంటుందో చెప్పాలంటే వైరస్ రూపం చూడాలి. హెచ్‌పీవీ 55 నానోమీటర్ల బంతి. పైన కొవ్వు పొర ఉండదు, ప్రోటీన్ గుల్ల మాత్రమే. గుల్ల అంతా ఎల్1 అనే ప్రోటీన్. ఐదేసి ఎల్1లు కలిసి ఒక బొడిపె అవుతాయి, అలాంటి బొడిపెలు 72. అంటే మొత్తం 360 ఎల్1లు. మైక్రోస్కోప్ బొమ్మలో చూస్తే నాకెప్పుడూ సీతాఫలమే గుర్తొస్తుంది. ఒక్కో బొడిపె పైకొసన ఎల్1 ప్రోటీన్ పోగులు బయటికి వంగి ఉచ్చుల్లా నిలబడి ఉంటాయి. వాటిని బీసీ, డీఈ, ఈఎఫ్, ఎఫ్‌జీ, హెచ్‌ఐ లూపులు అంటాం. ఎల్1 లోపలి నడుం భాగం అన్ని రకాల్లోనూ చాలావరకు ఒకేలా ఉంటుంది. తేడాలన్నీ ఎక్కువగా ఈ పై లూపుల్లోనే. యాంటీబాడీలు పట్టుకునేది కూడా ఆ లూపులనే. అందుకే 16 మీద పుట్టిన యాంటీబాడీకి 18 పరాయిది. దగ్గరి చుట్టాలకు, అంటే 16కి 31, 18కి 45, కొంత పట్టు ఉంటుంది, అదీ బలహీనంగా.

ఇంకో సంగతి. యాంటీబాడీ ఈ లూపుల్లోని అమినో ఆమ్లాలను అక్షరాల్లా వరసగా చదవదు, వాటి భంగిమను చూస్తుంది. 16వ రకానికి అందరం వాడే హెచ్16.వి5 అనే మోనోక్లోనల్ (ల్యాబ్‌లో ఒకే అచ్చున తయారైన) యాంటీబాడీ ప్రధానంగా ఎఫ్‌జీ, హెచ్‌ఐ లూపులు పక్కపక్కన చేరి చేసే ఆకారాన్ని పట్టుకుంటుంది. గుల్ల విరిగి ఎల్1 మెలిక విప్పుకుంటే అవే అమినో ఆమ్లాలు అక్కడే ఉంటాయి, వి5 మాత్రం వాటిని గుర్తుపట్టదు. క్యామ్‌విర్-1 అనే మరో యాంటీబాడీ సరిగ్గా దీనికి తలకిందులు. ఎల్1 పోగులో 230వ స్థానం నుంచి ఉండే ఏడు అమినో ఆమ్లాల ముక్క చాలు దానికి. గుల్ల విరిగితేనే ఆ ముక్క బాగా బయటపడి దానికి దొరుకుతుంది. వైరస్‌ను ఆపే శక్తి వి5కి ఉంది, క్యామ్‌విర్-1కి లేదు.

ఈ ఆకారం విలువ టీకా చరిత్రలోనే కనిపిస్తుంది. 1991లో ఆస్ట్రేలియాలో జియాన్ జౌ, ఇయన్ ఫ్రేజర్ ఎల్1, ఎల్2 అనే రెండు ప్రోటీన్లతో వైరస్ లాంటి గుల్లలు తయారుచేశారు. అమెరికాలో లోవీ, షిల్లర్ బృందం 16వ రకం ఎల్1తో పనిచేస్తుంటే గుల్లలు సరిగ్గా కట్టలేదు. ప్రపంచమంతా అప్పటిదాకా వాడుతున్న 16వ రకం నమూనా ఒక క్యాన్సర్ గడ్డ నుంచి తీసింది. అందులో 202వ స్థానంలో ఆస్పార్టేట్ ఉండాల్సిన చోట హిస్టిడిన్ ఉంది. ఆ ఒక్కటీ తేడా లేని నమూనా తీసుకుంటే గుల్లలు దండిగా కట్టాయి. ఒక్క అమినో ఆమ్లం.

ఈ కథంతా ఎందుకంటే, మా రెండో అనుమానం ప్లేటు మీదికే పోయింది. మాకు పాత గాయం ఉంది. మొదట్లో ఎలీసా ప్లేట్లకు ఎల్1 గుల్లలు అంటించేటప్పుడు, మిగతా ప్రోటీన్లకు వాడే పీహెచ్ 9.6 కార్బొనేట్ బఫరే దీనికీ వాడేశాం. క్షారం ఎక్కువైతే గుల్లలు వదులవుతాయని పుస్తకంలో చదివిందే, చేతికి రావడానికి టైం పట్టింది. ఆ ప్లేట్ల మీద కొందరి సీరం భలే రంగు ఇచ్చేది, న్యూట్రలైజేషన్‌కి వెళ్తే తుస్సుమనేది. అప్పటినుంచి పీబీఎస్ అనే తటస్థమైన ఉప్పు ద్రావణంలో, 4 డిగ్రీల దగ్గర, రాత్రంతా ఉంచి అంటిస్తున్నాం. ప్రతి బ్యాచ్‌కి ఒక మూల వి5, ఒక మూల క్యామ్‌విర్-1 పోసి చూస్తాం. వి5 ఎక్కువ, క్యామ్‌విర్ తక్కువ ఉంటే గుల్లలు నిలబడి ఉన్నట్టు. తారుమారైతే ఆ ప్లేటు చెత్తబుట్టకే.

తల్లి శాంపిల్ పెట్టిన ప్లేటులో వి5 నిండుగా ఉంది, క్యామ్‌విర్ అడుగున ఉంది. ప్లేటు శుభ్రం. పైగా అదే ప్లేటు మీద కూతురి సీరం ముదురు రంగు ఇచ్చింది. ఎలీసా నిజమే చెబుతోంది. ఆమె రక్తంలో ఎల్1ని పట్టుకునే ఐజీజీ, అంటే రక్తంలో ఎక్కువగా ఉండే రకం యాంటీబాడీ, లేదు.

అయితే తప్పు సూడోవైరస్ వైపు ఉండాలి. కొత్తగా తీసిన సూడోవైరస్‌ను 37 డిగ్రీల దగ్గర ఒక రాత్రి ఉంచితే ఎల్1ల మధ్య డైసల్ఫైడ్ బంధాలు పడి గుల్ల గట్టిపడుతుంది. ఆ పని సరిగ్గా జరిగిందో లేదో చూశాం, జరిగింది. వేరే బ్యాచ్ తీసి మళ్ళీ చేశాం. అదే ఫలితం. ఇక్కడ మూడు రోజులు పోయాయి, చెప్పుకోదగ్గదేమీ దొరకలేదు.

దొరికింది కంట్రోల్ వరసలో. మేం ప్రతి రన్‌లో పశువుల పాపిలోమా వైరస్, బీపీవీ, సూడోవైరస్ కూడా పెడతాం. మనిషి టీకాతో వచ్చిన యాంటీబాడీలకు దానితో పని లేదు కాబట్టి అక్కడ కాంతి తగ్గకూడదు. పాప వరసలో తగ్గలేదు. తల్లి వరసలో మొదటి గుంటలో, 1:40 దగ్గర, సగానికి దగ్గరగా తగ్గింది. మొదటిసారి చూసినప్పుడు "సగం దాటలేదుగా" అని టిక్కు పెట్టి వదిలేసింది నేనే. సాఫ్ట్‌వేర్ ఆకుపచ్చ రంగు చూపిస్తే కంటితో గ్రాఫు చూడటం మానేస్తాం. ఆవుల వైరస్‌నూ, మనుషుల్లో మూడు రకాలనూ ఒకే ఊపున ఆపేది యాంటీబాడీ కాదు. మరేదో ఆ వయల్‌లో ఉంది.

దాన్ని తేల్చడం తేలికే. ప్రోటీన్ జి పూసల గొట్టం లోంచి శాంపిల్‌ను పోనిచ్చాం. ఐజీజీ యాంటీబాడీలు పూసలకు అంటుకుంటాయి, మిగతాదంతా కిందికి జారిపోతుంది. తర్వాత ఆమ్లం పోసి పూసల మీది ఐజీజీని వేరే గొట్టంలో దించి తటస్థం చేశాం. రెండు భాగాలనూ పక్కపక్కన న్యూట్రలైజేషన్‌లో పెట్టాం. పాప శాంపిల్‌లో ఆపే శక్తి అంతా ఐజీజీ గొట్టంలో ఉంది. తల్లి శాంపిల్‌లో ఐజీజీ గొట్టం వట్టిది, జారిపోయిన నీళ్ళే వైరస్‌ను ఆపుతున్నాయి.

సాయంత్రం ఆరున్నరకు రక్తం తీసిన అబ్బాయికి ఫోన్ చేశాను. ఇళ్ళకు వెళ్ళి శాంపిళ్ళు తెచ్చే పని బయటి కలెక్షన్ వాళ్ళకు ఇచ్చాం. అటువైపు బస్సు హారన్లు, ఎక్కడో ట్రాఫిక్‌లో ఉన్నాడు.

"ఆ రోజు ఉప్పల్‌ల ఏ ట్యూబ్‌ల తీసినవ్ బాబూ, గుర్తుందా?"

"పాపకు రెడ్ క్యాప్ మేడమ్. ఆంటీ దగ్గరికొచ్చేసరికి రెడ్‌వి అయిపోయినయ్. గ్రీన్‌ల తీసిన."

"మరి మాకు వయల్ వచ్చింది కదా?"

"సెంటర్‌ల మెషిన్‌ల పెట్టి తిప్పి, పైది మీ వయల్‌ల పోసిన మేడమ్. పసుప్పచ్చగనే ఉంటది కదా, సేమే అనుకున్న."

చూడటానికి సేమే. ఎర్ర మూత ట్యూబ్‌లో రక్తం గడ్డకట్టి పైన సీరం తేలుతుంది. ఆకుపచ్చ మూత ట్యూబ్ గోడలకు హెపారిన్ పూసి ఉంటుంది, రక్తం గడ్డకట్టదు, పైన తేలేది ప్లాస్మా. మామూలు బయోకెమిస్ట్రీ పరీక్షలు చాలావాటికి ఏదైనా పరవాలేదు. హెచ్‌పీవీకి మాత్రం ఇంతకంటే అన్యాయమైన ట్యూబ్ లేదు. అబ్బాయిని తిట్టడానికి నాకు నోరు రాలేదు. మా ఫారంలో ట్యూబ్ ఏదో రాసే గడే లేదు.

హెపారిన్ ఎందుకంత పని చేసిందంటే, వైరస్ కణాన్ని చేరే దారి వల్ల. హెచ్‌పీవీ పైచర్మం మీద ఊరికే వాలితే ఏమీ కాదు. కంటికి కనపడని చిన్న గీత పడి, అడుగున ఉండే బేస్‌మెంట్ మెంబ్రేన్ బయటపడాలి. అక్కడ హెపరాన్ సల్ఫేట్ అనే చక్కెర గొలుసులు ఉంటాయి, వాటి నిండా రుణావేశం. ఎల్1 పైభాగంలో లైసిన్ అమినో ఆమ్లాల ధనావేశం. ఈ రెండూ అతుక్కోవడం మొదటి మెట్టు. అతుక్కున్నాక గుల్ల ఆకారం కొద్దిగా మారుతుంది, లోపల దాగి ఉన్న ఎల్2 అనే రెండో ప్రోటీన్ కొస బయటికి వస్తుంది, ఫ్యూరిన్ అనే ఎంజైమ్ దాన్ని కోస్తుంది. ఆ తర్వాతే వైరస్ గాయం మాన్చడానికి పాక్కుంటూ వచ్చే కణం మీదికి మారి లోపలికి పోతుంది. ఇదంతా నిమిషాల పని కాదు, గంటలు పడుతుంది. హెపారిన్ ఆ హెపరాన్ సల్ఫేట్‌కి తోడబుట్టినదాని లాంటిదే. ద్రవంలో అది తిరుగుతుంటే ఎల్1 దాన్నే పట్టుకుని కూర్చుంటుంది, కణం దాకా పోదు. మా పరీక్ష దాన్ని చూసి "న్యూట్రలైజ్ అయింది" అని రాసింది. పైగా ఇంటి దగ్గర ట్యూబ్ సగమే నింపారట. అంటే రక్తం తక్కువ, హెపారిన్ ఎక్కువ.

నిర్ధారణకి, యాంటీబాడీలు లేవని ముందే తెలిసిన సీరంలో అంతే హెపారిన్ కలిపి రన్ చేశాం. తల్లి గ్రాఫు మీద పెడితే రెండూ ఒకదాని మీద ఒకటి పడుకున్నాయి. ఆమె ఒప్పుకుంటే ఎర్ర మూత ట్యూబ్‌లో మళ్ళీ తీశాం. మూడు రకాలకూ 1:40 కంటే తక్కువ, బీపీవీ కదల్లేదు.

టీకా యాంటీబాడీలు కూడా అదే దారిలో కాపు కాస్తాయి. గీత పడిన చోట రక్తపు నీరు ఊరుతుంది, దానితో పాటు ఐజీజీ వస్తుంది. గర్భాశయ ముఖద్వారం దగ్గరి జిగురులోకీ కొంత ఊరుతుంది. ఎలుకల్లో చేసిన ప్రయోగాల్లో తేలిందేమంటే, యాంటీబాడీలు దండిగా ఉంటే వైరస్ బేస్‌మెంట్ మెంబ్రేన్‌కి అతుక్కోనే అతుక్కోదు. తక్కువ ఉంటే అతుక్కుంటుంది గానీ అక్కడినుంచి కణం మీదికి మారలేదు. రెండో చోటా దారి మూసుకుపోతుంది. వైరస్ గంటల తరబడి బయటే తచ్చాడే రకం కాబట్టి కొద్దిపాటి యాంటీబాడీలకు కూడా దాన్ని పట్టుకునే వ్యవధి ఉంటుంది. ఒక్క డోసు కూడా బాగా పనిచేసిన కథకి నేను ఇక్కడే కారణం వెతుక్కుంటాను. 2010 ఏప్రిల్‌లో టీకా అధ్యయనాలు ఆపించినప్పుడు, రెండు డోసులకీ మూడు డోసులకీ పోలిక కోసం మన దేశంలో నడుస్తున్న మరో పెద్ద ట్రయల్ కూడా మధ్యలో ఆగింది. దాదాపు 5 వేల మంది అమ్మాయిలు ఒక్క డోసుతోనే మిగిలిపోయారు. ఏళ్ళ తరబడి వాళ్ళను చూస్తే టైటర్లు రెండు, మూడు డోసుల వాళ్ళకంటే తక్కువే, కానీ 16, 18 రకాల మొండి ఇన్‌ఫెక్షన్ల నుంచి రక్షణ 95 శాతం దాకా ఉందని 2021లో ప్రచురించారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022లో ఒక్క డోసు షెడ్యూలును కూడా ఒప్పుకోవడానికి ఈ ఆధారం బాగా పనికొచ్చింది.

ఫలితం చెప్పడానికి తల్లిని పిలిచాను. ఎందుకంటే మొదటి రిపోర్టు సంగతి ఆమెకు అప్పటికే తెలిసిపోయింది, మా జూనియర్ నోరు జారింది. ఆమె నవ్వుతూ వచ్చారు.

"నాకు టీకా అక్కర్లేదన్నమాట మేడమ్? ఊరికే వచ్చేసినయంట కదా."

లేదని చెప్పాల్సి వచ్చింది. ట్యూబ్ సంగతి, హెపారిన్ సంగతి అంతా చెప్పాను. ఆమె అడిగిన రెండో ప్రశ్నే అసలుది. "పోనీ, ఇప్పుడు వేసుకుంటే లోపల ఏమైనా ఉంటే పోతుందా?" పోదు. ఇన్‌ఫెక్షన్ అడుగు పొర కణాల్లో ఉంటుంది. ఆ కణాలు ఎల్1ని తయారే చేయవు, అది పై పొరలకు చేరాక చివర్లో తయారయ్యే ప్రోటీన్. పట్టుకోవడానికి పిడి లేనప్పుడు యాంటీబాడీ ఏం చేస్తుంది? ఈ వయసులో ఆమెకు కావాల్సింది యాంటీబాడీ లెక్క కాదు, ముఖద్వారం నుంచి స్వాబ్ తీసి చేసే హెచ్‌పీవీ డీఎన్‌ఏ స్క్రీనింగ్. ఇంత టైటర్ ఉంటే చాలు, రక్షణ ఉన్నట్టే అని చెప్పే గీత కూడా ఎవరూ ఖరారు చేయలేదు. అందుకే టీకా వేసుకున్న పిల్లలకు సైతం ఈ పరీక్ష చేయించమని నేను ఎవరికీ చెప్పను. ఇది పరిశోధనకు, టీకా బ్యాచ్‌లకు పనికొచ్చే పరీక్ష. స్క్రీనింగ్ ఆమె ఆ నెలలోనే చేయించుకున్నారు.

ఇప్పుడు మా ఫారంలో ట్యూబ్ మూత రంగుకి ఒక గడి ఉంది. బీపీవీ వరసలో ఐదో వంతు కాంతి తగ్గినా రన్ ఆపి ప్రోటీన్ జి గొట్టానికి వెళ్ళాలని రాసుకున్నాం. ఆ మొదటి వయల్‌లో ఇంకా కొంచెం ప్లాస్మా మిగిలింది. కొత్తవాళ్ళకు నేర్పడానికి దాన్ని వాడుకోవచ్చా అని ఆమెను అడిగాను. ఒక పేజీ కన్సెంట్ ఫారం ఇచ్చాను. కళ్ళజోడు పెట్టుకుని, కుర్చీ కిటికీ వైపు జరుపుకుని చదవడం మొదలుపెట్టారు. నేను టీ చెప్పాను.